టైలరమ్మ చదివిన కోటు

వీధిలో అందరూ ఆమెను టైలరమ్మ అంటారు. ముప్పై ఏళ్ళుగా ఆమె పని కొత్త బట్టలు కుట్టడం కాదు, పాతవాటిని సరిచేయడం. ఒళ్ళు చేసినవాళ్ళకు వదులు చేస్తుంది, చిక్కినవాళ్ళకు బిగిస్తుంది. ఎవరి నడుము ఎప్పుడు పెరిగిందో ఆమెకు తెలిసినంతగా వాళ్ళ డాక్టరుకు కూడా తెలియదు. నోరు మాత్రం విప్పదు.

కొట్లో గోడకు ఒక టీవీ ఉంది. మిషను చప్పుడులో ఎలాగూ ఏమీ వినపడదని దాని గొంతు ఎప్పుడో నొక్కేసింది. పొద్దస్తమానం సౌండు లేని సినిమాలు చూస్తూ కుడుతుంది. మొహాల కంటే బట్టలనే ఎక్కువ చూస్తుంది. సినిమాల్లో చూసింది మాత్రం కడుపులో దాచుకోలేదు గనుక, మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు ఫోన్లో నాలుగు ముక్కలు రాసి ఇంటర్నెట్లో పెడుతుంది. ఆ పేజీ కోడలు తయారుచేసి ఇచ్చింది. చదివేది కోడలు, ఆమె స్నేహితురాళ్ళు, అంతా కలిపి పదకొండు మంది.

అవార్డుల రోజులొచ్చాయి. ఎక్కడ చూసినా ఒక సినిమా గురించే రాతలు. టైలరమ్మ కూడా దాన్ని కొట్టు టీవీలో చూసింది. నటన అద్భుతమన్నారు, కెమెరా అమోఘమన్నారు. కథానాయిక సినిమా పొడవునా వేసుకు తిరిగిన మగవాళ్ళ కోటు గురించి ఒక్కరూ రాయకపోయేసరికి టైలరమ్మకు ఒళ్ళు మండింది. తనే రాసేసింది:

“గాలికి కోటు తెరుచుకున్నచోట సినిమా ఆపి చూడండి. ఆ పిల్ల ఒంటికి బిగించినవాళ్ళు గుడ్డ కత్తిరించలేదు. మిగిలిందంతా లోపలికి మడిచి, తేలిగ్గా ఊడదీసేలా పొడుగు పొడుగు కుట్లు వేశారు. ఎందుకంటారా? ఆ కోటు తాలూకు మనిషి తిరిగొస్తే విప్పి ఇవ్వడానికి. మొగుడి కోటును పెళ్ళామే అలా కుడుతుంది.”

ఆ రోజుల్లోనే ఒక పెద్ద సినిమా పత్రిక ప్రతి ఆదివారం, ఆన్‌లైన్‌లో వచ్చినవాటిలో తప్పక చదవాల్సినవి ఏరి జాబితా వేస్తోంది. ఆ వారం అందులో మూడోది టైలరమ్మ రాసింది. కోడలు కొట్లోకి పరుగెత్తుకొచ్చింది.

“అత్తయ్యా, మిషను ఆపండి! పదకొండు మంది కాదు, పదకొండు వేల మంది చదివారు!”

టైలరమ్మకు కాలు నిలవలేదు. ఆ పూట కొట్టు ముందు నుంచి వెళ్ళేవాళ్ళను పిలిచి మరీ ఊడిన గుండీలు కుట్టి పంపింది.

ఆ సంబరం సాయంత్రం దాకా నిలవలేదు. ఆమె రాసినదాని కింద ఎవరో రాశారు: “ఈవిడ అసలు సినిమా చూసిందా? ఆ కోటు వాళ్ళ నాన్నది! ఆ అమ్మాయికి పెళ్ళే కాలేదు!” వెనకాలే వంద మంది వంత పాడారు.

కోడలు సౌండు పెట్టి సినిమా చూపించింది. నిజమే, మొదటి పది నిమిషాల్లోనే ఆ పిల్ల “నాన్న కోటు” అని నాలుగుసార్లు అంది. ఆ నాన్న తెర మీదికి రాడు. మాటల్లోనే ఉన్నాడు, ఆ మాటల గొంతే టైలరమ్మ నొక్కేసింది.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. “తీసెయ్యమ్మాయ్. ముప్పై ఏళ్ళలో ఒక్కరి కొలత తప్పలేదు. తప్పక తప్పక ఇంతమంది ముందు తప్పాను.”

“తీసేస్తే ఎలా అత్తయ్యా? ఆ కోటు కుట్టినవాళ్ళ చెయ్యిని చూసింది మీరొక్కరే. ఇది పోతే ఇక వాళ్ళ ఊసెత్తేదెవరు?”

ఆ మాట సూటిగా తగిలింది. టైలరమ్మ కళ్ళజోడు తుడుచుకుని కింద ఇలా చేర్చింది: “తప్పు నాదే. నేను సినిమాలు సౌండు లేకుండా చూస్తాను. కోటు ఎవరిదో తప్పు చెప్పాను. కుట్టు గురించి మాత్రం ఒక్క ముక్క కూడా వెనక్కి తీసుకోను.” నవ్వేవాళ్ళు నవ్వనీ అనుకుని మళ్ళీ మిషను తొక్కింది. నవ్వారు కూడా. కాకపోతే ఈసారి అభిమానంగా నవ్వారు.

మూడో రోజు ఆ పేజీకి ఒక ఉత్తరం వచ్చింది.

“అమ్మా, ఆ సినిమాకు బట్టలు సరిచేసింది నేనే. కథలో అది నాన్న కోటే. అసలు మాత్రం మా ఆయనది. వాళ్ళు పాత కోటు కావాలంటే, ఆస్పత్రిలో ఉన్న మనిషిది తెచ్చిచ్చాను. కత్తిరించమన్నారు. నాకు చేతులు రాలేదు. ఎందుకు రాలేదో అక్కడ ఎవరికీ చెప్పుకోలేదు. మీరు చూసి కనిపెట్టేశారు. ఆయన ఇంటికొచ్చేశారు. విప్పి ఇచ్చేశాను.”

కింద ఒక ఫోటో. బొద్దుగా ఉన్న పెద్దాయన, ఒంటి మీద అదే కోటు, మొహం నిండా నవ్వు.

టైలరమ్మకు కళ్ళు నిండిపోయాయి. ఇంత సంతోషం ఆమె ఎరగదు. కోడలి చేత రెండోసారి చదివించుకుంది, మూడోసారి చదివించుకుంది. తర్వాత ఫోటోను పెద్దది చేసి, గుండీల దగ్గర కాసేపు పరీక్షగా చూసి, జవాబు రాసింది:

“గుండీల దగ్గర పట్టేస్తోంది. ఇంటికొచ్చాక ఒళ్ళు చేసినట్టున్నారు. కోటు అసలు కుట్టు లోపల ఇంకో అంగుళం గుడ్డ ఉండాలి, అది కూడా విప్పెయ్యండి.”