రికార్డు లావు కోసం

మా హెచ్‌ఓడీని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. రాజమండ్రిలో ఇంజనీరింగ్ ఫైనలియర్‌కి నేనొక సాఫ్ట్‌వేర్ లైబ్రరీ రాశాను. పంపిందెవరో తెలియనివ్వని నెట్‌వర్క్‌కి అది నమూనా. సందేశం రిలేలనే మూడు మధ్యవర్తి కంప్యూటర్ల చేతులు మారుతుంది. తనకు ఇచ్చిందెవరో, తను ఎవరికివ్వాలో తప్ప ఏ రిలేకీ ఇంకేమీ తెలియదు.

"ఏంటయ్యా, ఆకాశరామన్న ఉత్తరాలకి ప్రాజెక్టా?" అని ఆయన అందరి ముందూ నవ్వాడు.

ల్యాబ్‌లో పరీక్షకు క్లాసువాళ్ళని తలా ఒక సందేశం పంపమన్నాను. పాలకొల్లు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే అమ్మాయి, "నిజంగా ఎవరికీ తెలీదు కదా?" అని రెండుసార్లు అడిగింది.

"నాకే తెలీదు, ఇంకెవరికి తెలుస్తుంది?" అని కోతలు కోశాను.

సరిగ్గా పదకొండింటికి సందేశాలన్నీ చేరే చివరి కంప్యూటర్ మీద ఒక మాట పడింది: 'హెచ్‌ఓడీ అమ్మాయిల్ని ఒంటరిగా గదికి పిలుస్తారు. వెళ్ళకపోతే ఇంటర్నల్ మార్కులు కోస్తారు.' సాయంత్రానికి అది ప్రిన్సిపాల్ దాకా పోయింది. రాసిందెవరో తేలలేదు.

ఆ వారమే హెచ్‌ఓడీ నా ప్రాజెక్టు రికార్డు విసిరికొట్టాడు. "ఇంత పలచగానా? వంద పేజీలు లేందే సంతకం పెట్టను, పో!"

మా దగ్గర రికార్డు ఎవరూ చదవరు, లావు చూస్తారంతే. అందరిలాగే నేనూ అవుట్‌పుట్‌లు కుక్కాను. పరీక్ష రోజు మూడు రిలేలూ రాసుకున్న చిట్టాలను వేళలతో సహా వరసగా ప్రింటు తీసి బైండు చేయించాను. విడిగా ఏ చిట్టా ఏమీ చెప్పదు. మూడూ పక్కన పెట్టుకుని పదకొండింటి నుంచి వెనక్కి వస్తే పంపిన సిస్టమ్ నంబరు దొరుకుతుంది. మా ల్యాబ్‌లో ఎవరి రోల్ నంబరు సిస్టమ్ మీద వాళ్ళే కూర్చోవాలి. ఛీ, అంత లైబ్రరీ రాసిన బుర్రకి ఇది తట్టలేదు.

ఏ రికార్డూ తిరగేయని మనిషి నాది మూడు రోజులు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత ఆ అమ్మాయి తండ్రిని పిలిపించాడు.

"చిన్నపిల్లండి, ఈసారికి క్షమించండి," అని ఆయన చేతులు కట్టుకుని బతిమాలుతుంటే, తను రాసింది అబద్ధమని ఆమె ప్రిన్సిపాల్‌కి కాగితం రాసిచ్చింది. నేను వరండాలోనే ఉన్నాను. లోపలికి వెళ్ళి నోరు విప్పలేదు. నాకింకా సంతకం కాలేదు.

ఆమె బయటికొచ్చి, "నువ్వే ఇచ్చావా?" అంది.

"రికార్డు కోసం," అన్నాను.

మర్నాడు హెచ్‌ఓడీ సంతకం పెడుతూ, "బాగా పనికొచ్చిందయ్యా నీ ప్రాజెక్టు," అన్నాడు.

"థాంక్యూ సార్," అన్నాను.