కార్డులో మొదటి పేరు

పోయిన శుక్రవారం మా తోడికోడలి రిటైర్మెంట్ టీకి పారమట్టా వెళ్ళాను. ఆ చుట్టుపక్కల గవర్నమెంటు స్కూళ్ళన్నిటినీ చూసుకునే ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి దిగింది. వచ్చినవాళ్ళంతా ఒక పుస్తకంలో ఆమె గురించి నాలుగు ముక్కలు రాస్తున్నారు. పెన్ను నా దగ్గరికొచ్చింది. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. సంతకం పెట్టి పక్కావిడకి ఇచ్చేశాను. రాయడానికి లేక కాదు, నా మనసులో ఉన్నది అక్కడ రాసేది కాదు. అందుకే ఇంటికొచ్చి రాస్తున్నాను. ఇదే మొదటిసారి, తప్పులుంటే ఏమనుకోకండి.

ఆమె మా మరిది భార్య. నాకంటే ఆరేళ్ళు చిన్నది, ఎం.కామ్ చదివింది. ఈ దేశానికి వచ్చిన కొత్తలో గిరావీన్‌లో అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. మా అమ్మాయి చదివే బడి ఆఫీసులో వారానికి రెండు రోజుల పనికని చేరింది, ఏడాది తిరిగేసరికి ఐదు రోజులూ ఆమెవే. మెడలో పట్టీ, దానికో తాళాల గుత్తి. సాయంత్రం వచ్చి ఆ గుత్తి బల్ల మీద పడేస్తే, ఆ చప్పుడుకి నాకు ఒళ్ళు మండేది. ఆలస్యంగా వచ్చిన పిల్లలకి చీటీ రాయాలన్నా, మోకాలు గీరుకుంటే ప్లాస్టర్ వెయ్యాలన్నా ఆమే. మా అమ్మాయి నేను చేసిన బంగాళాదుంప వేపుడు తింటూ పిన్ని కబుర్లు చెప్పేది.

అన్నిటికంటే నన్ను తినేసింది ఒక కార్డు. పిల్లకి ఏదన్నా అయితే బడివాళ్ళు ఎవరెవరికి ఫోన్ చెయ్యాలో వరసగా రాసే కార్డు. నాకు ఇంగ్లీషు రాదని మా ఆయన మొదట ఆమె పేరు, తర్వాత తన పేరు, చివర నా పేరు రాశారు. కన్నది నేను. ఒక ఆదివారం ఉండబట్టలేక, పప్పు రుబ్బుతూ ఆమెనే అడిగేశాను, ముందు నా పేరు రాయమని.

"రాస్తాలే అక్కా, దాందేముంది. కాల్ వస్తే ఎత్తుతావుగా మరి? ఫోన్ మోగితే బాత్రూమ్‌లోకి పోతావ్ నువ్వు."

"నా కూతురి కోసం ఎత్తనా?"

మర్నాడే మార్చింది. మూడు వారాలకి ఒక పొద్దున ఫోన్ మోగింది. బడి నంబరే. కొంగుతో చేతులు తుడుచుకుని దాని ముందు నిలబడ్డాను. ఎత్తితే అవతల తెల్లావిడ గొంతు, ఏం అడుగుతుందో, నేనేం చెప్తానో. మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. అలా నాలుగుసార్లు. ఐదోసారి మెసేజ్ మిషన్‌లోంచి మా తోడికోడలి మాట వినపడింది. "అక్కా, నేనే, ఎత్తు."

ఎత్తాను.

"పాప ఆడుకుంటూ పడింది, చెయ్యి వాచింది. కంగారు పడకు. నొప్పికి పనడాల్ ఇవ్వమంటావా?"

"ఇవ్వక, నన్నడుగుతావేంటి?"

"ఫస్ట్ పేరు నీదే కదక్కా. నిన్నడక్కుండా మాత్ర కూడా ఇవ్వరు. నేను మీటింగ్‌లోంచి ఇప్పుడే వచ్చా, బావగారూ దొరకలేదట. ఇందాకట్నించీ ఏడుస్తోందట."

పరిగెత్తాను. పిల్ల ఆఫీసు పక్క గదిలో పిన్ని ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. నన్ను చూసి, "మమ్, వై డిడ్న్ట్ యూ పిక్ అప్?" అంది.

"ఇంట్లో ఫోన్ పాడైంది తల్లీ, ఇందాకే బాగైంది," అంది మా తోడికోడలు, నా వైపు చూడకుండా.

ఆ అబద్ధమే ఆఫీసులోనూ చెప్పింది, ఇంట్లో మగవాళ్ళకీ చెప్పింది. ఒక్కసారైనా నన్ను దెప్పలేదు. దెప్పుంటే నేనూ రెండు మాటలు అని తేలికపడేదాన్ని. అప్పటిదాకా ఆమె ఉద్యోగం చూసి కుళ్ళుకున్నాను, ఆ రోజు నుంచి ఆమె మంచితనం చూసి కూడా కుళ్ళుకుంటున్నాను.

పిల్ల చేతి ఎముక విరిగింది, ఆరు వారాల్లో అతుక్కుంటుందన్నాడు డాక్టరు, అలాగే అతుక్కుంది. నాది తగ్గడానికి ఎన్నాళ్ళు పడుతుందో అడగడానికి మాత్రం ఏ డాక్టరూ లేడు. ఇరవై ఏళ్ళు దాటాయి, ఇంకా చూస్తున్నాను.