మనవాళ్ళకు సగం ధర

తార్నాకలో మాది రెండు గదుల ఇల్లు. స్లాబు కురిసేది. వానాకాలం వస్తే అమ్మ మంచం పక్క గోడ చెమ్మెక్కి నల్లబడేది, ఆమెకు ఆయాసం ఎక్కువయ్యేది. అంతకు ముందు ఏడాది రెండుసార్లు ఆసుపత్రిలో చేర్చాం. ఇంకో వానాకాలం ఆ చెమ్మలో ఉంటే మనిషి దక్కదని డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు.

సరిగ్గా అప్పుడే మా గేటు సందులో ఎవరో ఒక రంగుల కాగితం పెట్టిపోయారు. పైన ‘జై తెలంగాణ’ అని ఉంది. మన తెలంగాణ ఇండ్లకు స్లాబు రిపేరు సగం ధరకే, ఈ నెల వరకే, అని కింద రాశారు. అమ్మ దాన్ని నా చేతిలో పెట్టింది.

“నువ్వు సదువుకున్నోనివి బిడ్డా. గీ కాయిదం అసలుదేనా, జర చూసి చెప్పు.”

అప్పుడు నేను యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నాను. పొద్దున ధర్నా, సాయంత్రం ఊరేగింపు, మధ్యలో కళ్ళు మండించే టియర్ గ్యాస్. పుస్తకంలో ఒక్క వాక్యానికి నాలుగు ఆధారాలు అడిగేవాణ్ణి, ఆ కాగితాన్ని ఒక్కటీ అడగలేదు. ఫోన్ చేశాను.

“మనోళ్ళకు గాకపోతే ఎవలకు చేస్తమన్నా? సగం పైసలు ముందియ్యి, రేపే మనుషుల్ని పంపుత,” అన్నాడు అవతలివాడు.

ఆ యాస వినగానే నా పరిశీలన ముగిసింది. చదవేస్తే ఉన్న మతి పోవడమంటే ఇదే.

పక్కింటాయన బ్యాంకులో రిటైరైన కోస్తా మనిషి. అమ్మను రెండుసార్లూ తన కారులో ఆసుపత్రికి చేర్చింది ఆయనే. సంగతి తెలిసి మా గేటు దగ్గరికి వచ్చాడు, చేతిలో ఏదో మడత పెట్టిన కాగితంతో.

“బాబూ, కాచిగూడ అని వేశారు గానీ ఇంటి నంబరు లేదు. డబ్బు ఇచ్చే ముందు ఇద్దరం వెళ్ళి షాపు చూసొద్దాం. ఇంకో మాట...”

“మావోళ్ళంటే మీకు దొంగల్లెక్కనే కనబడ్తరు గదా అంకుల్,” అన్నాను.

ఆయన కాగితం జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

“గంత మాటెందుకన్నవ్‌రా?” అంది అమ్మ లోపలి నుంచి. ఇవన్నీ నీకు తెలియవులే అన్నాను.

మర్నాడు ముగ్గురొచ్చి, డబ్బు తీసుకుని, స్లాబు మీది పాత సిమెంటు పూతంతా పగలగొట్టారు. కెమికల్ తెస్తామని పోయారు, మళ్ళీ రాలేదు. ఫోన్ ఎత్తడం మానేశారు. కాచిగూడ స్టేషన్ చుట్టూ రెండు రోజులు తిరిగాను, అలాంటి షాపు ఎవరికీ తెలియదు. మూడో రోజు వాన పడింది. అదివరకు చెమ్మ దిగిన చోట ఇప్పుడు ధార కట్టింది.

పైన చప్పుడైతే మెట్లెక్కి చూశాను. పక్కింటాయన తడుస్తూ మా స్లాబు మీద టార్పాలిన్ పరుస్తున్నాడు. “ఆ చివర పట్టుకో,” అన్నాడు, అంతే.

అమ్మ ఆ నెల దాటలేదు. పాడె మోసినవాళ్ళలో ఆయనా ఉన్నాడు.

దినాలయ్యాక వాళ్ళింటికెళ్ళి, ఆ రోజు ఏం చెప్పబోయారని అడిగాను. ఆయన అల్మారాలోంచి కాగితం తీసి ఇచ్చాడు. అదే రంగు, అదే ఫోన్ నంబరు. పైన మాత్రం ‘మన ఆంధ్రా సోదరులకు ప్రత్యేక రాయితీ’ అని ఉంది. గేటు మీది ఇంటిపేరు చూసి ఎవరికి ఏది వేయాలో తేల్చుకున్నారు దొంగలు. నాకు తల ఎత్తడానికి సిగ్గేసింది.

“ఫోన్ చేస్తే వాడు నాతో మా గుంటూరు యాసలో మాట్లాడాడు బాబూ,” అన్నాడాయన. “అదే చెబుదామని వచ్చాను.”