చవక ఎస్‌ఎస్‌డీకి సంతకం పెట్టబోయిన రోజు

కరోనా సెలవులు ముగిసి కళాశాలలు మళ్లీ పూర్తిగా తెరుచుకున్న ఏడాది జూన్‌లో, తాడేపల్లిగూడెం పొలిమేరల్లోని ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలలో సిస్టమ్స్ మేనేజర్‌గా ఉన్న నాకు మూడో నంబరు ల్యాబును బాగుచేసే పని అప్పగించారు. అప్పటికి నా రిటైర్మెంటుకు ఏడాదిన్నర ఉంది. వట్లూరులో ఇల్లు, ఏలూరులో రైలెక్కి రోజూ రాకపోకలు. ముక్కు మీద కోపం అనే పేరు కళాశాలలో అప్పటికే స్థిరపడింది. అది అబద్ధమని నేను అనను.

ఆ ల్యాబులో అరవై కంప్యూటర్లు. ఎనిమిదేళ్ల పాతవి. ప్రాసెసర్లు, మదర్‌బోర్డులు బాగానే ఉన్నాయి, హార్డ్ డిస్కులే ముసలివైపోయాయి. స్విచ్ నొక్కాక తెర మీద పని మొదలుపెట్టడానికి తొమ్మిది నిమిషాలు పట్టేది. పిల్లలు స్విచ్ నొక్కి, బయటికెళ్లి మంచినీళ్లు తాగి వచ్చేవారు. ఇంట్లో లాప్‌టాప్ ఉన్నవాళ్లకు ఇది పెద్ద కష్టం కాదు. కాని ఆ ల్యాబు వాడే డిప్లమో బ్యాచీల్లో సగం మంది ఆకివీడు వైపు నుంచి, కొల్లేటి ఊళ్ల నుంచి బస్సుల్లో వచ్చేవారు. వాళ్ల ఇళ్లలో పెద్దలు చేపల చెరువుల మీద పనికి వెళ్లేవారు. ఆ పిల్లలకు కంప్యూటర్ అంటే మా ల్యాబులో ఉన్నదే.

యాజమాన్యం లక్షన్నర మంజూరు చేసింది. ఆ డబ్బుకు కొత్త కంప్యూటర్లు నాలుగైదుకు మించి రావు. హార్డ్ డిస్కులు తీసేసి ఎస్‌ఎస్‌డీలు వేస్తే అరవై కంప్యూటర్లూ మళ్లీ లేచి కూర్చుంటాయని నేను ప్రిన్సిపాల్ గారికి రాతపూర్వకంగా హామీ ఇచ్చాను. ఎస్‌ఎస్‌డీ అంటే తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల మీదే డేటాను దాచుకునే డ్రైవు.

అంతలో పరీక్షల విభాగం నుంచి సర్క్యులర్ వచ్చింది. ఈసారి ప్రాక్టికల్ పరీక్షలు రోజుకు రెండు బ్యాచీలు, ఉదయం అరవై మంది, మధ్యాహ్నం అరవై మంది. మధ్యలో గంట విరామం. ఉదయం రాసినవాళ్ల జవాబులు మధ్యాహ్నం వాళ్లకు కనబడకూడదు గనక ఆ గంటలోనే ప్రతి కంప్యూటర్‌నూ తుడిచి, మళ్లీ మొదటి స్థితికి తేవాలి. దీన్ని ఇమేజ్ ఎక్కించడం అంటాం. సాఫ్ట్‌వేర్లన్నీ వేసి సిద్ధం చేసిన ఒక నమూనాను సర్వర్ నుంచి అరవై కంప్యూటర్లకూ ఒకేసారి పంపుతాం. మా ఇమేజ్ సుమారు నూరు జీబీ. అందరికీ కలిపి పంపేటప్పుడు అన్నిటికంటే నిదానమైన డ్రైవు నడకే మిగతావాటి నడక. గంటలో పని కాకపోతే మధ్యాహ్నం బ్యాచి పరీక్ష ఆగుతుంది. పరీక్షా కేంద్రం వేరే కళాశాలకు మారుతుంది, మా పిల్లలు ఎప్పుడూ చూడని యంత్రాల ముందు కూర్చోవాలి.

కొనుగోలుకు ఒక పద్ధతి ఉంది. కావలసిన వస్తువు లక్షణాలు రాసి మూడు కొటేషన్లు తెప్పించాలి. వాటిని పక్కపక్కన పెట్టి కంపారిటివ్ స్టేట్‌మెంట్ తయారుచేయాలి. అందరికంటే తక్కువ ధర ఇచ్చినవాణ్ణి ఎల్-వన్ అంటారు. ఎల్-వన్‌ను కాదనాలంటే సాంకేతిక కారణం కాగితం మీద ఉండాలి, లేకపోతే ఆడిట్‌లో తల వాచేలా చీవాట్లు తప్పవు. నేను 480 జీబీ అని రాశాను. పేరున్న పెద్ద కంపెనీది నాలుగు వేల తొమ్మిది వందలు, మధ్యరకం కంపెనీది మూడున్నర వేలు, అంతగా పేరు వినని కంపెనీది రెండు వేల నాలుగు వందలు. లక్షన్నరలో అరవై రావాలంటే మూడోదే దిక్కు.

గుడ్డిగా కొనే మనిషిని కాను. మూడింటికీ శాంపిళ్లు తెప్పించాను. ఒక్కొక్కదానిలోకి రెండు జీబీల ఫైలు ఎక్కించి సమయం చూశాను. మూడూ రెప్పపాటులో మింగేశాయి. కంప్యూటర్ కూడా పాతిక సెకన్లలో తెరుచుకుంది. పనితనంలో తేడా లేదు, ధరలో సగం తేడా ఉంది, ఇంకేం కావాలి? ఎల్-వన్‌కే సిఫారసు అని నోట్ టైపు చేయించి, కొనుగోలు కమిటీ సమావేశానికి మీసం మెలేసుకుంటూ వెళ్లాను.

కమిటీలో నలుగురం. ప్రిన్సిపాల్ గారు, అకౌంట్స్ ఆఫీసరు, నేను, స్టోర్ కీపర్ సువార్తమ్మ గారు. హోదాలో నాకంటే మూడు మెట్లు కింద. వచ్చిన సరుకు లెక్కపెట్టి స్టాక్ రిజిస్టరులో ఎక్కించడం ఆవిడ పని. సాధారణంగా సంతకం పెట్టి టీ తాగి వెళ్లేవారు. వాళ్ల నాన్నగారు గూడెంలో ఒక రైస్ మిల్లులో వచ్చిన ధాన్యాన్ని పరీక్షించి ధర చెప్పే గుమాస్తాగా ముప్పై ఏళ్లు పనిచేశారని నాకు తెలుసు. ఆ సంగతి మా పనికి వస్తుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

ప్రిన్సిపాల్ గారు సంతకం పెట్టేశారు, అకౌంట్స్ ఆయనా పెట్టారు. నేను పెన్ను తీశాను. అప్పుడు ఆవిడ, "ఏవండీ, చిన్న మాట అడగనాండీ? మీరు ఎక్కించి చూసింది రెండు జీబీలే కదండీ. పరీక్షనాడు దాన్లోకి ఎక్కించేది ఎంతండీ?" అన్నారు.

నూరు అన్నాను.

"మరి నూరూ ఎక్కించి చూడలేదేవండీ? మిల్లు దగ్గర బస్తా మూతి విప్పి పైగింజ చూసి ఎవరూ ధర కట్టరండీ. ఇనప గొట్టం అడుగుదాకా గుచ్చి తీస్తారు. పైన పటారం, లోన లొటారంగా ఉంటాయండీ కొన్ని."

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇది ధాన్యం కాదు, ఎలక్ట్రానిక్స్, పైనా కిందా అని ఉండదు అన్నాను. అనవలసిన దానికంటే గట్టిగానే అన్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది గాని మాట వెనక్కి తీసుకోలేదు. "మీకు తెలిసినంత నాకేం తెలుస్తుందండీ. సరుకు వచ్చాక రిజిస్టరులో బాగున్నట్టు రాసేది నేనేనండీ, అందుకని అడిగాను" అన్నారు. ప్రిన్సిపాల్ గారు ఇద్దరినీ చూసి, ఒక పూట ఆలస్యమైతే కొంప మునగదు, చూసి రమ్మన్నారు.

మర్నాడు ఉదయం ఆవిడ మాట తప్పని తేల్చాలన్న పట్టుదలతోనే మూడు శాంపిళ్లనూ మూడు కంప్యూటర్లకు బిగించి, విడివిడిగా ఇమేజ్ పంపాను. ఆవిడను కూడా పిలిచాను. వచ్చి మూల కుర్చీలో తన రిజిస్టరు తెరుచుకుని కూర్చున్నారు.

పెద్ద కంపెనీదీ మధ్యరకందీ పద్దెనిమిది నిమిషాల్లో ముగించాయి. రెండూ సమానమే, ఎందుకంటే మా ల్యాబు నెట్‌వర్క్ అంతకంటే వేగంగా పంపలేదు. అంటే ఆ నాలుగు వేల తొమ్మిది వందల వేగానికి మా దగ్గర పనే లేదు. మూడోది మొదటి పావు వంతు వాటితో సమంగా పరుగెత్తింది. ఆ తరువాత చతికిలబడింది. వేగం పడిపోయి, పడిపోయి, చివరికి చూపించే అంకె చూస్తే నాకే సిగ్గేసింది. మొత్తం గంటా నలభై నిమిషాలు పట్టింది. పక్కనే పాత హార్డ్ డిస్కుకు అదే ఇమేజ్ పంపితే అరగంటలో అయిపోయింది! నేను బయట పారేద్దామన్న ముసలిదే నయం.

కారణం నాకు తెలియనిది కాదు, తట్టలేదంతే. చవక డ్రైవుల్లో వేగంగా రాసుకునే జాగా కొంచెమే ఉంటుంది. వచ్చిన డేటా ముందు అందులో పడుతుంది. తీరిక దొరికినప్పుడు డ్రైవు దాన్ని లోపలికి సర్దుకుంటుంది. తెరిపి ఇవ్వకుండా పంపితే ఆ జాగా నిండిపోయి, మిగతాదంతా నిదానమైన చిప్పుల్లోకి నేరుగా వెళ్లాలి. ఇంట్లో ఉత్తరాలు, ఫోటోలు దాచుకునేవాళ్లకు అది ఎప్పటికీ నిండదు, వాళ్లకు ఆ డ్రైవు హాయిగా సరిపోతుంది. అట్టపెట్టె మీద వేగం పెద్ద అక్షరాల్లో ఉంది. దాని పక్కన "వరకు" అన్న మాట చీమతలకాయంత ఉంది.

సువార్తమ్మ గారు ఆ నిమిషాలు తన రిజిస్టరులో రాసుకున్నారు. నేనే లేచి, "నిన్న అలా మాట్లాడకుండా ఉండాల్సిందండీ, నాదే తప్పు" అన్నాను. "అయ్యో, ఎంత మాటండీ. మరి ఇప్పుడు డబ్బు సరిపోదు కదండీ, ఏం చేద్దామండీ?" అని ఆవిడ అసలు సంగతిలోకి వెళ్లిపోయారు.

మధ్యరకం అరవై కొనాలంటే రెండు లక్షలు దాటుతుంది. నేను తల పట్టుకున్నాను. ఆవిడ మళ్లీ ఒక ప్రశ్న అడిగారు. ఇమేజ్ నూరు జీబీ అయితే 480 ఎందుకు రాశారని. నిజం చెప్పాలంటే, పెద్ద అంకె ఉంటే స్పెసిఫికేషన్ ఘనంగా కనబడుతుందని రాశాను. పిల్లలు తమ ఫైళ్లు సర్వర్‌లోనే దాచుకుంటారు. అదే మధ్యరకం కంపెనీ 240 జీబీ డ్రైవు రెండు వేల మూడు వందలు. దాని శాంపిల్ తెప్పించి ఈసారి నూరు జీబీలూ ఎక్కించాను. ఇరవై రెండు నిమిషాలు. పాత నోట్ రద్దు చేసి కొత్త కొటేషన్లు పిలిచాం. ఎల్-వన్‌ను ఎందుకు కాదన్నామో నిమిషాలతో సహా ఫైల్లో రాశాను. అలా పరీక్షించమన్నది స్టోర్ కీపర్ అని కూడా రాశాను. సాంకేతిక నోట్‌లో స్టోర్ వాళ్ల పేరెందుకని అకౌంట్స్ ఆయన గొణిగారు. ఉండనివ్వండి అన్నాను.

అరవై పెట్టెలూ వచ్చిన రోజున ఆవిడ అడగకముందే నేనే అట్టపెట్టెల దొంతర అడుగు నుంచి ఐదు తీసి పూర్తిగా నింపి చూశాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి. అప్పుడే ఆవిడ రిజిస్టరులో సంతకం పెట్టారు.

పరీక్ష మొదటి రోజు ఉదయం బ్యాచి లేచి వెళ్లగానే ఇమేజ్ పంపడం మొదలుపెట్టాం. అరవైకీ కలిపి ముప్పై ఒక్క నిమిషాలు పట్టింది. నేను డబ్బా విప్పి అన్నం కూడా తిన్నాను, పరీక్షల రోజున అది నాకు కొత్త. మధ్యాహ్నం బ్యాచి వచ్చి కూర్చుని, స్విచ్ నొక్కి, పని మొదలుపెట్టింది.

ఆ ఉద్యోగంలో ముప్పై ఏళ్లు చేశాక నాకు తెలిసింది ఇది. వస్తువు ధరను పక్క వస్తువు ధరతో కాదు, మన దగ్గర అది చేయవలసిన పనితో తూచాలి. ఆ పనిని మొత్తం చేయించి చూడాలి, మచ్చుకు కాదు. ప్రశ్న విన్నప్పుడు అడిగినవారి హోదా చూడకూడదు. నా నోట్‌లో అప్పటికే రెండు సంతకాలు పడ్డాయి, మూడోదానికి అరనిమిషం చాలు. ఆ రోజు పరీక్ష రాసిన నూట ఇరవై మందిలో ఈ సంగతి ఒక్కరికీ తెలియదు. వాళ్లకు తెలియవలసిన అవసరం రానివ్వకపోవడమే నా ఉద్యోగం. ఆ ఒక్కసారి దాన్ని సువార్తమ్మ గారు చేశారు.