వెనకపాట ముందుకొచ్చిన వైనం

అతన్ని అందరూ ఎకో అనేవాళ్ళు. ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరు ఇంకోటి ఉండేది కానీ, దాని అవసరం బ్యాంకు వాళ్ళకి తప్ప ఎవరికీ పడలేదు. నలుగురు స్నేహితుల బ్యాండులో అతని పని వెనకపాట. ముందు నిలబడ్డ గాయకుడు "నిన్ను వెతికీ వెతికీ అలసిపోయా" అని పాడితే, వెనక మైకు దగ్గర మనవాడు "అలసిపోయా..." అనాలి. అంతే. మెళ్ళో గిటారు కూడా ఉండేది గానీ, దాని శబ్దం డ్రమ్ముల కింద ఎక్కడో నలిగిపోయేది కనుక దాన్ని ఆభరణం కింద జమకట్టుకోవచ్చు.

వాళ్ళది ఏ కంపెనీ పంచనా చేరని స్వతంత్ర బ్యాండు. స్వతంత్రం అంటే స్పీకర్లు ఎవరివి వాళ్ళే మోసుకోవాలని అర్థం. మోసే దగ్గర అందరూ సమానమే, పాడే దగ్గరే తేడాలొచ్చేవి. పాటలు రాసేది గాయకుడే. ఆయన వాక్యం ఎక్కడ ఆపితే అక్కడి మాట మనవాడి వాటాకి వచ్చేది. "వెన్నెల", "కెరటం" లాంటివి తగిలిన రోజు పండగే. కానీ గాయకుడు రానురాను ఆధునికుడైపోయాడు. "ఏమో మరి" అని ఆపేవాడు. "వగైరా" అని ఆపేవాడు. ఒక పాటలో ఏకంగా "కాబట్టి" అని ఆపేశాడు. నీలం దీపం కింద కళ్ళు మూసుకుని, గుండె మీద చెయ్యేసుకుని, నిండు సభలో "కాబట్టీ..." అని సాగదీసిన మనిషి ఆత్మగౌరవం ఏ స్థితిలో ఉంటుందో పాఠకులే ఊహించుకోవాలి.

చివరికి ఒకరోజు రిహార్సల్లో నోరు విప్పాడు.

"ఒరేయ్, ఒక్క లైను. మొదట్నుంచి చివరిదాకా నేను పాడతారా."

గాయకుడు కిడ్నీ అడిగినట్టు చూశాడు. "ఏ లైను?"

"ఏదైనా పర్లేదు."

"నువ్వు లైను పాడితే మరి ఎకో ఎవడు చేస్తాడు?" అన్నాడు డ్రమ్మరు.

చాలా లోతైన ప్రశ్న. దాని మీద చర్చ జరిగింది, ఆ పైన ఓటింగ్ జరిగింది. మనవాడికి పడిన ఓటు మనవాడిదే. అక్కడికక్కడే మైకు స్టాండు చంకన పెట్టుకుని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, ఇక మీదట తన పాట ఎలా ఉండాలో మరొకడు చెప్పడానికి వీల్లేదని ప్రకటించాడు.

"వీల్లేదూ..." అని డ్రమ్మరు లోపల్నుంచి సాగదీశాడు.

అలా ఎకో సోలో కళాకారుడయ్యాడు. మనుషులతో పొత్తు కుదరని సంగీతకారుడికి మిగిలే దారి మిషన్లే కాబట్టి, కరెంటు శబ్దాలతో నడిచే సింథ్‌పాప్ ఎంచుకున్నాడు. పాత సామాన్ల కొట్లో ఒక సింథసైజరు దొరికింది. ముందువైపు హార్మోనియం మెట్లు, పైన టెలిఫోన్ ఎక్స్ఛేంజీ. ఆ రెండిటికీ మధ్య నాబ్‌లే నాబ్‌లు. ఏ నాబ్ ఎంత తిప్పితే ఏ శబ్దం వస్తుందో దేవుడికెరుక. పైగా ఆ మిషనుకి జ్ఞాపకశక్తి అనేది లేదు. నిన్న కుదిరిన శబ్దం ఇవాళ కావాలంటే నాబ్‌లన్నీ నిన్న ఉన్నచోటికే తిప్పుకోవాలి. అందుకని మనవాడు అక్క దగ్గర కొట్టేసిన గోళ్ళరంగులతో ప్రతి నాబ్ చుట్టూ చుక్కలు పెట్టుకున్నాడు. మొదటి పాటకి ఎరుపు, రెండో పాటకి వంగపండు, అలా.

ఉండేది పెద్దమ్మ ఇంట్లో, ఆవిడ గదికి గోడ అవతల. పెద్దమ్మ లైబ్రరీలో పనిచేసి రిటైరయింది. జీవితమంతా జనాన్ని నోరు మూసుకోమని చెప్పి జీతం తీసుకున్న మనిషికి, విశ్రాంతి తీసుకునే వేళ ఇలాంటివాడు పక్కగదిలో దాపురించాడు. పగలు అక్క మొగుడి కొళాయిల షాపులో ఒకపూట కూర్చునేవాడు. మిగతా పూటంతా సింథే.

ఆఖరికి ఒక కాఫీ హోటలు మేడ మీది హాల్లో అవకాశం వచ్చింది. మేనేజరు ముక్కుసూటి మనిషి. "మీకిచ్చేది అరగంట. జనం కూర్చుంటే ఇక ప్రతి శనివారం మీదే. లేచిపోతే మాత్రం మెట్లు అటువైపు."

బావ కూడా ఊరుకోలేదు. "ఇదే ఆఖరు, బావమరిదీ. తేడా వస్తే సోమవారం నుంచి రెండుపూటలా కొళాయిల దగ్గరే. మాటేనా?"

"మాటే..." అన్నాడు ఎకో, అలవాటు కొద్దీ.

శనివారం అతను గడ్డం గీయించుకుని వచ్చేసరికి సింథు శుభ్రమైన దుప్పట్లో మూటకట్టి సిద్ధంగా ఉంది. పెద్దమ్మ అభిమానానికి కళ్ళు చెమర్చాయి. ఆ చెమ్మలో మూట విప్పి చూడాలని తోచలేదు. తీరా స్టేజీ మీద విప్పితే, మిషను కొత్త పెళ్ళికూతురిలా తళతళలాడుతోంది. ఒక్క చుక్క లేదు.

ముందు వరసలో పెద్దమ్మ వెలిగిపోతోంది. "ఎలా ఉందిరా? ఎవరో రంగులు పూసి పాడుచేశారు. మీ అక్క దగ్గర రంగు పోయే మందు తెప్పించి తుడిచేశా. పదిమందిలోకి వెళ్ళే వస్తువు!"

ఎకోకి పై ప్రాణాలు పైనే పోయాయి. తోచిన నాబ్‌లు తోచినంత తిప్పి మెట్టు నొక్కాడు. విరహగీతం మొదలవ్వాల్సిన చోట బాతు దగ్గింది. ఇంకోటి తిప్పాడు. జలుబు చేసిన బాతు దగ్గింది. జనం నవ్వారు. మూడో వరసలో పాత బ్యాండు మొత్తం కూర్చుంది. వాళ్ళు నవ్వలేదు, కెవ్వుమన్నారు. ఒక జంట లేచి చెప్పులు వెతుక్కుంటోంది. వెనక బావ ప్రశాంతంగా కాఫీ తాగుతున్నాడు.

"అది కాదురా!" అంది పెద్దమ్మ, హాలంతా వినబడేలా. "నీ పాట మొదట్లో బల్ల ఈడ్చినట్టుంటుంది!"

"ఏది తిప్పాలో తెలీట్లేదు పెద్దమ్మా," అన్నాడు మైకులోనే, ఏడుపు గొంతుతో.

"నువ్వు తిప్పు, నేను చెప్తా. ఇంకా... ఇంకా... ముక్కు తగ్గించు... ఇప్పుడు కాస్త ఏడవనీ... ఆఁ! అదే! మధ్యాహ్నాలు నన్ను కునుకు తియ్యనివ్వంది అదే!"

చప్పట్లు పడ్డాయి. ఎకో గొంతు సవరించుకుని, జన్మలో మొదటిసారి ఒక లైను మొదట్నుంచి చివరిదాకా పాడాడు. పాడి, ఊరుకోలేక చివరి మాట మళ్ళీ తనే అన్నాడు.

రెండో పాటకి పెద్దమ్మ ధైర్యం పెరిగింది. తిప్పించి తిప్పించి, గరగరమనే ఒక భయంకరమైన మోత దగ్గర ఆపించింది. "అదీ!"

"ఇది నాది కాదు పెద్దమ్మా! పక్కింటి నీళ్ళ మోటారు!"

"మోటారా?" పెద్దమ్మ నిజంగానే నొచ్చుకుంది. "ఇన్నాళ్ళూ నీదే అనుకున్నానే. నీ వాటన్నిట్లోకీ అదొక్కటే బాగుంటుంది."

హాలు గొల్లుమంది. ఈలలు, కేకలు. ఇంకాస్త తిప్పమని ఒకడు, ఆపమని ఇంకొకడు. లేచిన జంట చెప్పులు తొడుక్కుని దారిలో నిలబడి మరీ నవ్వుతోంది. అప్పుడు పెద్దమ్మ లేచి నిలబడి, వెనక్కి తిరిగి, పెదవుల మీద వేలు పెట్టింది.

"ష్‌ష్‌ష్!"

ఆ శబ్దం ఏ సింథులోనూ పుట్టదు. ఈల సగంలో ఆగిపోయింది. జంట ఎక్కడున్నవాళ్ళు అక్కడే, నేల మీదే కూర్చుంది. గాయకుడు కాళ్ళు దగ్గరకి లాక్కున్నాడు. బావ కప్పుని సాసర్లో చప్పుడవకుండా పెట్టాడు. ఆ అరగంట అయ్యేవరకూ దగ్గడానికి కూడా ఎవరికీ గుండెలు చాల్లేదు. ఎకో మోటారు మోత మీదే రెండో పాట పాడాడు, మూడోదీ పాడాడు.

అయ్యాక మేనేజరు వచ్చి చెయ్యి కలిపాడు. "ఇలా కదలకుండా కూర్చున్న జనాన్ని నేనెప్పుడూ చూళ్ళేదు. శనివారాలు మీవే. కాకపోతే ఆవిడ కూడా రావాలి."

తన పాట గురించి మరొకడు చెప్పడానికి వీల్లేదని గుమ్మంలో నిలబడి ప్రకటించిన మనిషి, బావ వైపు చూశాడు. బావ అప్పటికే ఎవరికో కొళాయి వాషర్ల గురించి వివరిస్తున్నాడు.

"పెద్దమ్మా," అన్నాడు ఎకో, "వస్తావా?"

"శనివారం నాకు కుదరదు," అంది పెద్దమ్మ. "శుక్రవారమైతే చూస్తా. మోటారు పాట ముందు పెట్టు. ఆ మూలుగు పాట తీసెయ్."

"అది మూలుగు కాదు పెద్దమ్మా, విరహం."

"ఏదైతేనేం, తీసెయ్."

మేనేజరు బోర్డు మీద శనివారం చెరిపేసి శుక్రవారం రాయడానికి పరిగెత్తాడు. ఎకో వంగి వైర్లు చుట్టడం మొదలుపెట్టాడు.

"అలా కాదు," అంది పెద్దమ్మ.