బాయిలర్ గదిలో చూసిన యుద్ధం

మా చిన్నాన్న అప్పలసూరి గారు దివంగతులయ్యారని పదిహేను రోజుల క్రితం పిన్ని ఫోన్ చేసింది. దిగ్భ్రాంతి కలిగిందని రాయాలి. నిజానికి నాకు ముందు కోపమొచ్చింది. ముప్పై ఏళ్ల వాదన తేలకుండా మనిషి వెళ్లిపోవడమేమిటి?

ఆయన నౌకాదళంలో పనిచేసిన ఓడ ఒక డిస్ట్రాయర్. రెండో ప్రపంచయుద్ధం కోసం పరాయి దేశంలో పుట్టి, వయసు మళ్లాక మనకొచ్చి, పేరు మార్చుకుని, బంగ్లాదేశ్ యుద్ధంలోనూ తిరిగింది. తర్వాత కొత్తవాళ్లకు పని నేర్పింది, చివరికి తుక్కయింది. చిన్నాన్న టాటానగర్ లోకోషెడ్డుకి వచ్చేశారు. అక్కడా బాయిలర్లే.

కాలేజీ రోజుల్లో టాటానగర్‌లోని మన తెలుగు సంఘం సంచికకు ఆయన మీద వ్యాసం రాశాను. డిస్ట్రాయర్‌ని ‘విధ్వంసక నౌక’ అన్నాను. ఆ నౌకలో ఉన్నవాడు విధ్వంసం చేయకుండా ఎలా ఉంటాడని, ఆయన్ని అడగకుండానే ‘శత్రునౌకలను సాగరగర్భంలో కలిపిన ధీరుడు’ అని కూడా రాసేశాను.

అచ్చయిన సంచిక పట్టుకుని చిన్నాన్న బర్మామైన్స్ పేటలోని తన ఇంటి నుంచి సైకిలు మీద వచ్చారు.

“ఏటే అమ్మీ, నానెప్పుడు ముంచినాను? యుద్ధమంతా కింద బాయిలర్ కాడున్నాను. బాయిలర్లో నీళ్లెంతున్నాయో సూపెట్టే గేజీ గ్లాసులో నీళ్లు దిగిపోకుండా సూసినాను. సముద్రమే అగుపడనేదు.”

“గేజీ గ్లాసు గురించి రాస్తే ఎవరు చదువుతారు చిన్నాన్నా?”

“సదవకపోతే మానీమను. ఆ నీళ్లు తగ్గితే బాయిలర్ పేలి అందరం పోదుము. దిద్దీ.”

దిద్దలేదు. అచ్చయ్యాక దిద్దడమేమిటని ఎదురుతిరిగాను. అక్క పెళ్లిలో అందరూ ఫొటోలకు నిలబడితే, ఆయన వంటవాళ్ల గుండిగ దగ్గర నిలబడి నీళ్లు చూస్తున్నారు. పిలవడానికి వెళ్తే అక్కడా అదే మాట: “దిద్దినావేటే?”

మొన్న ఆదివారం సంస్మరణ సభలో వేదిక మీద బారెడు బ్యానరు. దాని మీద నా వాక్యమే.

“ఒక్క అక్షరం మార్చలేదు మేడమ్” అన్నారు సంఘం కార్యదర్శి గారు, సంబరంగా.

నేను లేవబోతే పిన్ని చెయ్యి పట్టుకుంది. “ఊరుకోవే. అందరూ మెచ్చుకుంటన్నారు.”

ఊరుకున్నాను. వాదించే ఓపిక లేకపోయింది.

ఇంటికొచ్చాక ఇది రాస్తున్నాను. ఆ వాక్యం అబద్ధం, రాసింది నేను. మా చిన్నాన్న ఎవరినీ ముంచలేదు. నీళ్లు తగ్గకుండా కాచి, ఓడనీ అందులోని వాళ్లనీ ఒడ్డుకు తెచ్చినవారిలో ఒకరు. అంతే, అంతకన్నా ఆయనకు అక్కర్లేదు. ఈ నాలుగు మాటలూ ఆయనుండగా రాసుంటే, కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, కాగితం మడిచి జేబులో పెట్టుకునేవారు.