ముక్కమ్మ వారసురాలు

షెడ్డులో అందరూ ఆవిణ్ణి ముక్కమ్మ అంటారు. పేరుకు తగ్గట్టు కోపం కూడా ముక్కు మీదే ఉంటుంది. పాత టీవీలు, కంప్యూటర్లు పగలగొట్టగా వచ్చిన ప్లాస్టిక్ ముక్కకు లైటరు అంటించి, ఆ పొగ వాసన చూసి, ఏ కుప్పలో వేయాలో చెప్పడం ఆవిడ పని. ఇరవై ఏళ్లలో ఒక్కసారి తప్పు చెప్పి ఎరగదు. తనిఖీకి వచ్చినవాళ్లు ఓ మాస్కు చేతిలో పెట్టి, ఫొటో తీసుకుని వెళ్లిపోయారు. మాస్కు పెట్టుకుంటే వాసనెలా తెలుస్తుందట? అది మేకుకు వేలాడుతోంది.

రెండు నెలలుగా ఆ ముక్కు పనిచేయడం లేదు. మంట రంగు చూసి, ముక్క నేలకేసి కొట్టి చప్పుడు విని నెట్టుకొస్తోంది. నిన్న పప్పులో కాలేసింది. ఒక కుప్పది ఇంకో కుప్పలో కలిసి, కరిగించే మిషను కాస్తా బిగుసుకుపోయింది. యజమాని తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"పోనీలే ముక్కమ్మా, పెద్దదానివయ్యావు. రేపు మీ అమ్మాయిని తీసుకురా. నీ ముక్కే వచ్చుంటుంది."

ఆవిడకు ఒళ్లు మండిపోయింది. ఆ లైటరు కూతురి చేతికి రాకూడదనేగా కుట్టుపని నేర్పిస్తోంది! రానంటే గది ఖాళీ చేయమంటాడు. షెడ్డు వెనక గది ఆయనదే. పిల్ల పుట్టి పెరిగింది అందులోనే.

ఇంటికొచ్చేసరికి పక్కింటావిడ గుమ్మంలో నిలబడి అరుస్తోంది. "పాలు మాడి వీధంతా కంపు! ఇంట్లో మనుషులున్నారా?" కూతురు స్టవ్వు పక్కనే కూర్చుని గుండీలు కుడుతోంది.

"ఏం పరధ్యానమే నీకు!" అని విసుక్కుంటూ, గిన్నె తోముతూ, తల్లి సంగతంతా చెప్పింది. "రేపు ఏది కాల్చినా వాసన తెలియట్లేదను. అంతే."

"అలాగేలే అమ్మా."

మర్నాడు యజమాని ఒక ముక్క కాల్చి పిల్ల ముక్కు దగ్గర పెట్టాడు. పిల్ల గట్టిగా పీల్చింది. "ఏం తెలియట్లేదండీ." ఇంకోటి కాల్చాడు. అదే మాట. చివరికి రబ్బరు కాల్చాడు. అవతల పనిచేస్తున్నవాళ్లు కూడా కొంగులు అడ్డం పెట్టుకున్నారు. పిల్ల కనుబొమ్మైనా కదల్లేదు.

"దీనికి ముక్కే లేదు. నువ్వే ఎలాగో నెట్టుకురా," అంటూ ఆయన వెళ్లిపోయాడు.

బయటికి రాగానే తల్లి సంబరంగా కూతురి వీపు తట్టింది. "రబ్బరుక్కూడా మొహం చిట్లించలేదే! ఇంత బాగా అబద్ధమాడటం ఎక్కడ నేర్చుకున్నావే?"

"అబద్ధమేంటమ్మా?"

తట్టిన చెయ్యి వీపు మీదే ఉండిపోయింది. "మరి... నిన్న పాలు?"

"పక్కింటత్త అరిచేదాకా నాకెలా తెలుస్తుంది?"